తమ్ముడికిచ్చిన గుడ్ల కార్డులు

నేను పురుగులను పెంచి బతికాను. నవ్వకండి. బోధన్ దగ్గర ఒక చిన్న ల్యాబులో దినకూలీని. పగలగొట్టిన జొన్నలు పెట్టెల్లో పోసి బూడిదరంగు రెక్కల పురుగులను పెంచుతాం. వాటి గుడ్లను జిగురు రాసిన కార్డు మీద చల్లి, వాటిలో ఆవగింజలో పావు వంతైనా లేని కందిరీగలను పుట్టిస్తాం. ఆ కార్డు చెరుకు ఆకుకు కడితే కందిరీగలు బయటికొచ్చి, చెరుకును తొలిచే పురుగులను గుడ్లలోనే చంపేస్తాయి. మందు కొట్టే పనుండదు.

రోజూ పొద్దున్నే పెట్టె తెరిచి పురుగులను పట్టాలి. రెక్కల మీది పొడి లేచి ముక్కులోకి పోతుంది. కొన్నేళ్లకు ఆయాసం పట్టుకుంది. బీడీలు తాగుతావా అని నిజామాబాద్‌ డాక్టరు అడిగాడు. పురుగులు పెంచుతా సార్ అన్నాను.

"పని మానెయ్యాలమ్మా. మానకుంటే ఏ మందూ పనిచెయ్యదు" అన్నాడు.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మానితే చందూరులో తమ్ముడి చెరుకు గతేమిటి? చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ వరికి మళ్లారు. కార్డులు అడిగేవాడు వాడొక్కడే మిగిలాడు. నా బదులు ఈ పని చేసేవాళ్లెవరూ లేరు. ఒక్క వారం గుడ్లు అందకపోతే కందిరీగల విత్తనమే పోతుంది. అందుకని దగ్గుతూనే పట్టాను. ఆయాసం సంగతి వాడికి చెప్పలేదు, చెబితే కార్డులు వద్దంటాడని. పదిహేను రోజులకోసారి బండి మీద వచ్చి కార్డులు తీసుకుని, "చెర్కు మంచిగున్నదక్కా" అని పోయేవాడు.

రోజూ పనే కాబట్టి నేను ఆ ఊరు పోక మూడేళ్లయింది. మొన్న వాడికి జ్వరమంటే కార్డులు నేనే పట్టుకుపోయాను. బస్సు దిగి చూస్తే చెరుకు లేదు. కాలువ దాకా వరే. గట్లు కూడా పాతబడి గడ్డి మొలిచి ఉన్నాయి.

"చెర్కేదిరా?" అన్నాను ఇంట్లోకి పోతూనే.

మంచం మీద లేచి కూర్చున్నాడు. "తీసేసి రెండేండ్లయింది."

"మరి కార్డులెందుకు తీస్కపోయినవ్?"

"ఎవ్వలు తీస్కపోకుంటే ల్యాబు బంద్ జేస్తరన్నరు. గా పని లేకుంటే నువ్వెట్ల బతుకుతవక్కా?"

"నీ చెర్కు కోసమే చేస్తున్నరా నేను! డాక్టర్ మానెయ్యమన్నా..." దగ్గు అడ్డమొచ్చింది. మరదలు నీళ్లు తెచ్చింది.

వాడి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఏమని తెచ్చుకోను? రెండేళ్లు వాడు నన్ను కాపాడుతున్నాననుకున్నాడు, నేను వాణ్ని కాపాడుతున్నాననుకున్నాను. ఆ రెండేళ్లూ ఎవరు తిరిగిస్తారు?

వాడు మొహం దుప్పట్లో దాచుకుని ఏడ్చాడు. నేనూ ఏడుద్దామనుకున్నాను. ఊపిరి చాలలేదు.