లోపలెవరైనా ఉన్నారేటి

టాటానగర్ రైల్వే యార్డులో బోగీని కదిలించే ముందు తలుపు కొట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని కేకెయ్యడం మా మావయ్యకు అలవాటు. రిటైరయ్యాక పాత కంప్యూటర్లలో విండోస్ తీసేసి తేలికపాటి లినక్సులు ఎక్కించి చూసేటప్పుడూ అది పోలేదు. డిస్కు చెరిపే ముందు మూత మీద కొట్టి, "లోపలెవరైనా ఉన్నారేటి?" అనేవాడు. ఫొటోల్లాంటివి ఉంటే తీసి దాచుకోమని అర్థం.

మొన్న కాసిడీహ్‌లో వాళ్లింటికి వెళ్లేసరికి మావయ్య, అత్తయ్య ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. ఆవిడ పోయి ఏడాదైంది. ఆవిడ ఫొటోలు, మాటలు అన్నీ అందులోనే ఉన్నాయి. మూత కొట్టలేదు, నన్నడగలేదు, చెరిపే మీట నొక్కేశాడు.

"అందులో అత్తయ్య ఉంది కదా మావయ్యా" అన్నాను.

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"పొద్దుట్నించి కొడతానే ఉన్నాను. పలకనేదమ్మా."