అంటుకోని కణాలు

మా ఆయన రిపోర్టులో వీర్యకణాల కౌంట్ నార్మల్ అని వచ్చిన రోజు మా అత్తమ్మ ఊరంతా మిఠాయిలు పంచలేదు గానీ, అంత పనీ చేసింది. ఆ కబురు చర్చిలో కూడా పాకింది. ఇంకేముంది, లోపం నాదేనని తేలిపోయింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, ఆడవాళ్ళంతా నా తలమీద చేతులుంచి, నా గర్భం తెరవమని దేవుణ్ణి వేడుకునేవాళ్ళు. ఆయన తలమీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. నాకు ఒళ్ళు మండేది.

చివరికి వరంగల్‌లోనే ఒక సంతాన దవాఖానలో ఐవీఎఫ్‌కు వెళ్ళాం. బయలుదేరుతుంటే అత్తమ్మ గడపలో నిలబడి నెమ్మదిగానే అంది.

"ఈసారి సుత కాకుంటే నువ్వు మీ అమ్మగారింటికి పోయి ఉండు బిడ్డా. వాని సంగతి మేం చూసుకుంటం."

కోపంగా అని ఉంటే అంత భయం వేసేది కాదు.

నా అండాలు తీసి, ఆయన వీర్యకణాలతో కలిపి ల్యాబులో ఉంచారు. మర్నాడు పొద్దున డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది.

"కణాలు మంచిగనే ఈదుతున్నయ్. ఎగ్ దాకా పోయినయ్. కానీ ఒక్కటి సుత కలవలేదమ్మా. కణం పైన ఒక ప్రోటీన్ ఉంటది. అది ఎగ్ మీదున్న ప్రోటీన్‌ను పట్టుకుంటేనే రెండూ ఒకటైతయ్. సార్ కణాల మీద అక్కడే ఏదో తేడా ఉన్నట్టుంది. కౌంట్ చూస్తే అది తెల్వదు."

"మరి నా ఎగ్స్ మేడం?"

"మంచిగున్నయ్. వచ్చేసారి కణాన్ని సూదితోని సీదా లోపలికే పంపుదాం. ఫికర్ చెయ్యకు."

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్కన ఆయన ముఖం మాత్రం మాడిపోయింది. ఆటోలో, ఇల్లు దగ్గరపడ్డాక అన్నారు.

"ఇంట్ల ఏం చెప్పకు. జర టైం చూసి నేనే చెప్త."

నమ్మాను.

శుక్రవారం వచ్చింది, ఆయన చెప్పనేలేదు. ఆ రోజు ప్రార్థనకు నేనెప్పుడూ చూడని భార్యాభర్తలు వచ్చారు, వాళ్ళ వెనక తల వంచుకుని ఒక అమ్మాయి. మిగతా వాళ్ళకు చాపలు, వాళ్ళకు మాత్రం అత్తమ్మ కుర్చీలు వేయించింది. అమ్మాయి పక్కనే కూర్చుని చెయ్యి నిమిరింది. మా ఆయనకు చూపించడానికి తెచ్చిన పిల్ల అని నాకు అర్థమైంది.

ఎప్పటిలాగే నా తలమీద చేతులు పడ్డాయి. ఇప్పుడైనా నోరు విప్పుతారేమోనని మా ఆయన వైపు చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

"ఈ గర్భం తెరువు తండ్రీ. లేకుంటే నా కొడుక్కు ఇంకో తొవ్వ సూపియ్యి" అని అత్తమ్మ గొంతు పెంచింది.

అందరికంటే ముందు ఆమెన్ అన్నది ఆయనే.