గంపలోని పెద్ద పండు

ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయిన సీతాఫలం నాలుగు రోజులకే నల్లగా మాడినట్టయింది. "ఛీ, పారెయ్యమ్మా!" అన్నాడు మా వాడు. నా చేయి ఆగిపోయింది.

మా కొండ కింద పల్లెల్లో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వాన ఎగ్గొట్టి చేను ఎండిపోయిన ఏడు మా ఇల్లు గడిపింది సీతాఫలాలే. అమ్మ కొండెక్కి కాయలు కోసుకొచ్చి, గంపలో కొర్రగడ్డి పరిచి మాగేసేది. ఇల్లంతా తీపి వాసన, తినడానికి మాత్రం లేదు. తెల్లారగానే ఒక్కో పండూ నొక్కి చూసి, బాగున్నవన్నీ సోమందేపల్లె హైవే మీద అమ్మడానికి ఏరిపెట్టేది. పగిలినవీ, చీమలు పట్టినవీ మాకు. "మంచివి అమ్మేదానికి. మనకివే చాలు" అనేది. మంచి పండు మీద చెయ్యేస్తే వీపు మోగేది.

అనంతపురం హాస్టల్లో చేరాక, ఒకసారి శనివారం వస్తానని చెప్పి, స్నేహితురాళ్లతో సినిమాకు ఆగిపోయి మంగళవారం ఇంటికొచ్చాను. అమ్మ గడ్డిలోంచి ఒక పండు తీసి నా చేతిలో పెట్టింది. నల్లగా ఉంది.

"ఎప్పుడూ కుళ్లిపోయిండేదేనా నాకు?" అని దిబ్బ మీదికి విసిరేశాను.

అమ్మ గంపలో గడ్డి మళ్లీ సర్దింది. చెల్లెలే అనింది: "గంపలో అన్నిటికంటే పెద్దది అక్కా అది. శనివారం నువ్వొస్తావని ఎత్తిపెట్టింది. నేనడిగినా ఇయ్యలేదు."

ఇప్పుడు మా వాడు ముక్కు మూసుకుని చూస్తుండగానే ఈ నల్లపండు విప్పాను. లోపల తెల్లగా, తియ్యగా ఉంది.

ఆ రోజు నేను విప్పి కూడా చూడలేదు.