ఆ కేక మా అన్నయ్యది కాదు

మొన్న మా అన్నయ్య కొడుకు కొత్త బోటును నీళ్ళలోకి దించుతున్నాడంటే, లంబాలైన్‌లో నా కిరాణా కొట్టు మూసి మా ఆవిడతో జంగ్లీఘాట్ జెట్టీకి వెళ్ళాను. గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టి, బోటు ముక్కుకు నిమ్మకాయలు కట్టి, వాడు కొబ్బరికాయ ఎత్తేసరికి వెనకనుంచి ఎవరో, "బోటుకి పేరెట్టలేదేటి భయ్యా? 'పానీ ఆయా' అని రాయించు, మీ బాబు పేరు నిలబడతాది" అన్నారు. అందరూ నవ్వారు. పక్కన కుర్చీలో ఉన్న అన్నయ్యా నవ్వాడు. వాడు మాత్రం తండ్రి వైపు చూడకుండా తల దించుకున్నాడు.

సునామీ నాడు ఈ దీవుల్లో ఉన్నవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు గాని, నిజానికి ఆ అల కన్నా దాని తరవాతి నెలలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. భూమి ఊరుకునేది కాదు. ఒక స్టీలు గ్లాసు మీద ఇంకొకటి బోర్లించి గుమ్మం దగ్గర పెట్టుకుని, అది చప్పుడు చేస్తే చాలు, అన్నం ముందు కూర్చున్నవాళ్ళం ఎంగిలి చేతులతోనే మెరకకు పరుగెత్తేవాళ్ళం. రోజూ చూసే ఆటుపోట్లే అయినా, నీళ్ళు కాస్త వెనక్కి తగ్గితే సముద్రం ఊపిరి బిగబట్టిందేమో అనిపించి మెరక ఎంత దూరమో చూసుకునేవాణ్ణి. అప్పట్లో ఇద్దరం కలిసి వేటకు వెళ్ళేవాళ్ళం, అన్నయ్యదీ అదే సముద్రం, అదే బోటు. అయినా "మనల్ని బతికించిందీ అదేరా" అంటూ వల బాగుచేసుకుంటూ కూర్చునేవాడు.

మళ్ళీ వేటకు వెళ్ళిన కొత్తలో ఒక ఉదయం, వల వేసి ఇంజను ఆపుకుని కూర్చుని ఉండగా, బోటు అడుగు బండకు రాసుకున్నట్టు గరగరలాడింది. అక్కడ బండ లేదు, చాలా లోతు. కింద భూమి కదిలిందని ఇద్దరికీ తెలిసింది. నేను ఇంకేమీ ఆలోచించలేదు. కత్తి తీసి వల తాడు కోసేసి, ఇంజను లాగి ఒడ్డు వైపు తిప్పాను. మావాళ్ళలో వల కోసుకుని వచ్చినవాడికి మళ్ళీ తోడు వేటకు వచ్చేవాడుండడు. అంతకన్నా పెద్ద తప్పు ఒడ్డుకు తిప్పడం. నిజంగా అల వచ్చివుంటే లోతులో బోటును ఊపి పోయేది, ఒడ్డు దగ్గరైతే మమ్మల్ని రాళ్ళకేసి కొట్టేది. "లోతుకి తిప్పరా!" అని అన్నయ్య అరుస్తూనే ఉన్నాడు. నేను వినలేదు. జెట్టీ కనబడగానే, నీళ్ళొచ్చేశాయని ఇక్కడి హిందీలో, గొంతు చిరిగేలా "పానీ ఆయా! పానీ ఆయా!" అని కేకపెట్టాను.

జెట్టీ మీది జనం బుట్టలు పారేసి పరుగెత్తారు. ఒక ముసలమ్మ పడి తుంటి విరగ్గొట్టుకుంది. అల రాలేదు. నీళ్ళు ఏమీ ఎరగనట్టు తళతళలాడుతూ ఉన్నాయి. కాసేపటికి జనం తిరిగొచ్చి, అరిచిందెవడని మా చుట్టూ మూగారు. నేను అన్నయ్య వెనక్కి జరిగాను. అన్నయ్య ముందుకొచ్చి, "నేనే అరిసినాను. వల కూడా నేనే కోసినాను" అన్నాడు. అప్పటికి నాకు మాయాబందర్‌లో సంబంధం మాట్లాడుతున్నారు. తరవాత నన్ను పక్కకు లాగి, "నోరు మూసుకో. మాయాబందర్ పిల్లని నీకిస్తారా, ఈ సంగతి తెలిస్తే?" అని మాత్రం అన్నాడు.

పెళ్ళయింది. నేను సముద్రం ముఖం చూడకుండా కొట్టు పెట్టుకున్నాను. మచ్చలేని పేరుతో, చేతినిండా బేరంతో, ఒక్క రోజైనా సుఖంగా బతికానా అంటే చెప్పలేను. కొట్టు పక్కనున్న ఎయిర్‌పోర్టులో విమానం దిగితే ఆ హోరుకు గల్లాపెట్టె గట్టిగా పట్టుకునేవాణ్ణి, పిల్లల్ని బీచికి పంపేవాణ్ణి కాదు, ఎప్పుడు బయటపడుతుందోనని అన్నయ్య ఇంటికి వెళ్ళడమే తగ్గించాను. ఆయన మాత్రం 'పానీ ఆయా భయ్యా' అన్న పిలుపుకు పలుకుతూ, తోడు వచ్చేవాళ్ళు లేక బోటు అమ్ముకుని, జెట్టీలో ఐసు మోసి, వదినతో నవ్వుతూ తుళ్ళుతూ సంసారం చేశాడు. ఎవరి పీడకల ఎవరు మోశారో, ఎవరు హాయిగా నిద్రపోయారో!

అందుకే మొన్న వాడు తల దించుకున్నప్పుడు నేనిక ఆగలేకపోయాను. అందరి ముందూ చెప్పేశాను. అదే గొంతు మళ్ళీ చిరిగింది. మా ఆవిడ కొంగు సర్దుకుంటూ, "పెళ్ళయిన ఏడే తెలుసు నాకు. ఇమానానికి జడిసే మనిసి వల కొయ్యడా? నువ్వే సెప్తావని సూసినాను" అంది. అన్నయ్య, "ఇప్పుడెందుకురా ఇదంతా, కొబ్బరికాయ ఎండిపోతంది" అని కసురుకున్నాడు. అన్నయ్య కొడుకు నన్ను దాటుకుని వెళ్ళాడు. తిట్టినా బాగుండేది. కొబ్బరికాయ తండ్రి చేతిలో పెట్టి కొట్టించాడు. తరవాత ఆయన చెయ్యి పట్టుకుని బోటు ఎక్కించి, ముందు కొసన కూర్చోబెట్టాడు.

అన్నయ్య నాకూ చెయ్యి అందించాడు, "రా, ఈసారి లోతుకే పోదాం" అంటూ. నేను ఎక్కలేకపోయాను.

మేము వలలు ఆరేసుకున్న ఆ పాత ఒడ్డు సునామీకి కుంగి, ఇప్పుడు పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళ కింద ఉంటుంది. అప్పటి జనంలో సగం మంది లేరు. మేము అన్నదమ్ములం కలిసి వేటకు వెళ్ళిన ఆ ఉదయాలు ఇక రావు. బోటు లోతు వైపు పోతూ ఉంటే, జెట్టీ మీద ఎవరో అలవాటు కొద్దీ "పానీ..." అని మొదలుపెట్టి, నా వైపు చూసి ఆగిపోయారు.