నెట్‌వర్క్ కార్డు మీద నా సాక్ష్యం

హైటెక్ సిటీలో గుండ్రటి భవనం కొత్తగా తెరిచిన రోజులవి. మేం అమ్మిన ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ కార్డు పెట్టగానే తెర నీలంగా మారి బిగుసుకుపోతోందని మాదాపూర్ కస్టమరు ఫోన్ చేస్తే, నన్నూ మా సీనియర్‌నూ పంపారు. మా ఇద్దరికీ పడదు. చర్చి సంఘంలో నేను బైబిలు వాక్యం చెబుతానని తెలిసిన నాటి నుంచి అతను నన్ను పేరుతో పిలవడం మానేశాడు.

"ఏం పాస్టరూ, చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్. కార్డు లేచి నడుస్తదేమో," అన్నాడు లిఫ్టులో, అందరికీ వినబడేలా.

ఆ ల్యాప్‌టాప్ వాడుతున్న అమ్మాయి చేరి రెండు నెలలు. ఇంకా పర్మినెంటు కాలేదు. వాళ్ళ మేనేజరు ఆమెను మా ఎదుటే నిలబెట్టాడు.

"జర సాఫ్ చెప్పుండ్రి. ఈమె ఇరగ్గొట్టిందా? అట్లయితే రేపట్నుంచి రావద్దని చెప్త."

"నేను మామూలుగానే తోశానండి," అందామె.

కార్డు తీసి చూశాను. అది దూరే గాడి లోపలి పిన్నులు నిటారుగా ఉన్నాయి. కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీని తెరిచి చూశాను. అది విండోస్ 95 కోసం చేసింది. ఈ యంత్రంలో ఉన్నది 98. మా ఆఫీసులో ఫ్లాపీల మీద కార్డు పేరు తప్ప ఇంకేమీ రాసేవాళ్ళం కాదు. దీని మీది చేతిరాత నాదే.

సీనియర్ నన్ను వరండాలోకి లాగాడు.

"పిన్నులు వంచిండ్రని రిపోర్టుల రాయి. ఇగ మన మీదికి రాదు."

"పిన్నులు బాగానే ఉన్నాయి. తప్పు ఫ్లాపీది. అది నేను చేసిందే."

"గట్లనా? నీ నౌకరి పోతే మీ దేవుడొచ్చి ఇస్తడా?"

లోపలికి వెళ్ళి, నా సంచిలోని విండోస్ 95 ల్యాప్‌టాప్‌లో అదే కార్డు, అదే ఫ్లాపీ పెట్టాను. కార్డు పనిచేసి ఆకుపచ్చ దీపం వెలిగింది. కార్డు బాగుందనీ, తప్పుడు డ్రైవర్ ఇచ్చింది మేమేననీ రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. మేనేజరు చదివి, "పో, సీట్ల కూసో," అన్నాడు ఆమెతో. క్షమించమనలేదు.

మర్నాడు సరైన ఫ్లాపీ ఆమెకు చేరింది. నన్ను మాత్రం స్టోర్‌రూములో పడేశారు. పాత ఫ్లాపీలన్నిటి మీదా 95, 98 అని రాయడం నా పని. సీనియర్ రోజుకోసారి తలుపు దగ్గర నిలబడి, "ఎట్లున్నది పాస్టరూ, పరలోకం?" అనేవాడు.

ఆ ఆదివారం సంఘంలో శత్రువుల కోసం పేరుపెట్టి ప్రార్థించమన్నారు. మోకాళ్ళ మీద ఉన్నాను. అతని పేరు నోటికి రాలేదు. ఇప్పటికీ రాదు. దేవుడి దగ్గర ఆ సంగతి దాచలేదు.