ప్రపంచ ఆకలి మీద పద్నాలుగు ప్రశ్నలు

ఆ రోజుల్లో ప్రపంచం బరువంతా నా భుజాల మీదే ఉండేది. తెల్ల చొక్కా వేసుకుని, జేబుకు రెండు పెన్నులు తగిలించుకుని (ఒకదానికి పాళీ విరిగింది, కానీ జేబులో ఉన్నంతసేపు ఎవరికి తెలుస్తుంది), చంకలో నోట్‌బుక్కుతో సూర్యాపేట బస్టాండులో నిలబడితే, అణుయుద్ధం మొదలుకొని సంస్కృతి పతనం దాకా అన్నీ నా కోసమే ఆగి ఉన్నాయనిపించేది. నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు. నిజానికి నా కోసం ఆగి ఉన్నది మా నాన్న గల్లా పెట్టె. బజారులో మాది మూడు తరాల ధాన్యం కొట్టు. దసరా వెళ్లగానే నేను కొట్లో కూర్చోవాలని నాన్న తేల్చేశాడు. చచ్చినా కూర్చోకూడదని నేను తేల్చుకున్నాను. ఈ రెండో సంగతి ఆయనకు చెప్పే ధైర్యం లేక, కోదాడలో టైపు నేర్చుకుంటున్నానని చెప్పి వారానికి మూడు రోజులు బస్సెక్కేవాణ్ణి.

కోదాడలో నేను వెళ్లేది ఒక మాసపత్రికకు. ఆఫీసంటే సైకిల్ షాపు వెనక గది. సంపాదకుణ్ణి అందరూ కళ్లజోడు సారు అనేవాళ్లు. ఆయనకు చుట్టుపక్కల వార్తలంటే మహా చిన్నచూపు. మునగాలలో వడగళ్లు పడితే ఆ సంగతి మునగాల వాళ్లకు తెలుసు, మనం చెప్పేదేముంది, ప్రపంచం గురించి రాయాలి అనేవాడు. అందుకని నెలనెలా ఒక రచయితతోనో నిపుణుడితోనో ప్రపంచ సమస్యల మీద ముఖాముఖి వేసేవాళ్లం. చిక్కల్లా నిపుణులు దొరకడమే. మిర్యాలగూడలో ఒక లెక్చరర్ గారి దగ్గరికి అణుబాంబు గురించి మాట్లాడటానికి వెళ్లాను. మానవజాతి మిగులుతుందా అని అడిగితే, ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, రైలుకట్ట అవతల తాను కొన్న ఇంటిజాగా సంగతి ఎత్తుకున్నాడు. బాంబులు పడేట్టయితే ఇల్లు ఇప్పుడే మొదలుపెట్టాలా, కొన్నాళ్లు ఆగాలా అని చివరికి నన్నే అడిగాడు. (ఆగమన్నాను. ఆయన రిటైరయ్యే దాకా కిరాయి ఇంట్లోనే ఉన్నాడని తర్వాత విని చాలా బాధపడ్డాను.)

అట్లాంటి కరువు రోజుల్లో ఆకలి ప్రొఫెసర్ వస్తున్నాడని కబురొచ్చింది. అది మేం పెట్టుకున్న పేరే. ప్రపంచంలో తిండి కొరత మీద లావుపాటి పుస్తకాలు రాసినవాడు, నానా దేశాలు తిరిగినవాడు, సాగర్ కాలువ కింద కొత్తగా వేసిన వరి చూడటానికి మిర్యాలగూడ పోతూ మధ్యలో సూర్యాపేట సర్కారు బంగళాలో దిగుతున్నాడట. కళ్లజోడు సారు నా రెండు చేతులూ పట్టుకుని, ఈ ముఖాముఖి గనక తెస్తే అట్ట మీద సహసంపాదకుడిగా నా పేరు వేస్తానన్నాడు. నాకు కావలసింది సరిగ్గా అదే. అట్ట మీద పేరుంటే దాన్ని నాన్న ముందు పెట్టి, నేను కొట్లో కూర్చోనని చెప్పేయవచ్చు. పేరు లేకుండా ఆ మాట అనే గుండె నాకు లేదు. వారం రోజులు కష్టపడి పద్నాలుగు ప్రశ్నలు రాశాను. మొదటి ప్రశ్నే పదకొండు లైన్లు. అందులో మానవాళి మూడుసార్లు, సంక్షోభం రెండుసార్లు వచ్చాయి.

పొద్దున్నే బంగళాకు పోయేసరికి ప్రొఫెసర్ వరండాలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. బక్కపలచని మనిషి. ఆకలి మీద అన్ని పుస్తకాలు రాసినాయన ఇంత మామూలుగా ఉప్మా తింటాడని నేననుకోలేదు. కుర్చీ చూపించి, మొదలుపెట్టమన్నాడు. నోట్‌బుక్కు తెరిచి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, "లాభం" అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. మా కొట్లలో గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఎవరూ ఒకటి అనరు. లాభం అని మొదలుపెట్టి, ఆ తర్వాత రెండు, మూడు అని పోతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెవుల్లో పడ్డ లెక్క అది. బడిలో మొదటి రోజున కూడా అట్లాగే లెక్కపెట్టి పంతులు చేత చెవి మెలిపెట్టించుకున్నాను. ఆ అలవాటు పోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. భయం వేసేసరికి ఎక్కడ దాక్కుందో అక్కడి నుంచి బయటికొచ్చింది.

ప్రొఫెసర్ చెంచా కింద పెట్టి, లాభమేమిటన్నాడు. అది మా పత్రిక సంప్రదాయమన్నాను. ఆయన కళ్లు చిన్నవి చేసి, మీది ధాన్యం వ్యాపారమా అని అడిగాడు. మా దూరపు బంధువులదన్నాను. (కన్నతండ్రిని ఒక్క మాటతో దూరపు బంధువును చేసేశాను.) "ఈ మాట మా తాతగారి కొట్లో విన్నాను బాబూ, మళ్లీ ఇన్నాళ్లకు ఇదే వినడం. పదండి, మీ దూరపు బంధువుల కొట్టు చూద్దాం" అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఇంకా పద్నాలుగు ప్రశ్నలున్నాయని నేనంటే, అవి అక్కడ అడగవచ్చులెమ్మన్నాడు.

కొట్టు ముందు జీపు ఆగగానే మా గుమస్తా వెనక తలుపు నుంచి మాయమయ్యాడు. ఆ రోజుల్లో జీపంటే కొట్లు తనిఖీ చేసి సర్కారు వాటా ధాన్యం పట్టుకుపోయే లెవీ ఆఫీసర్లే. నాన్న బనీను మీదనే లేచి నిలబడి, జీపులోంచి దిగుతున్న నన్ను చూశాడు. కొడుకే ఆఫీసర్లను వెంటబెట్టుకొచ్చాడని ఆయన అనుకున్నట్టు ముఖంలోనే తెలిసిపోయింది. పెద్ద సారు, బియ్యం గురించి మాట్లాడటానికి వచ్చారు నాయినా అని గొణిగి నేనొక మూలకు జరిగాను. (ఆ నాయినాతో నా దూరపు బంధుత్వం ప్రొఫెసర్ ముందు తేలిపోయింది.) ప్రొఫెసర్ కుర్చీ వద్దని బస్తా మీద కూర్చుని, బియ్యం చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. అది చూసి నాన్నకు కాస్త ధైర్యమొచ్చింది.

ఇక ఇద్దరూ మొదలుపెట్టారు. ఏ గింజ ఎన్నాళ్లు నిలుస్తుంది, వేపాకు ఎప్పుడు వెయ్యాలి, పంటి కింద కొరికి తడి ఎట్లా కనిపెట్టాలి, కాలువ కింది కొత్త వడ్లను జనం ఎందుకు ఇష్టపడటం లేదు, ఇట్లా రెండు గంటలు. ప్రొఫెసర్ తన నోటు పుస్తకం తీసి వరసగా రాసుకుంటున్నాడు. నేను మాత్రం నా నోట్‌బుక్కు మూసి పట్టుకుని, ఈ మాటలు ఎప్పుడైపోతాయా, ముఖాముఖి ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకుని ఉన్నాను. రెండుసార్లు దగ్గాను కూడా. నాన్న నాకు మంచినీళ్లు ఇప్పించాడు.

చివరికి ప్రొఫెసర్, ప్రపంచంలో అందరికీ సరిపడా తిండి ఉందంటారా అని అడిగాడు. (అది నా మొదటి ప్రశ్నే. పదకొండు లైన్లు లేకుండా కూడా అడగవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.)

"ప్రపంచం సంగతి నాకెట్ల ఎరుక సారూ" అన్నాడు నాన్న. "గీ బజార్ల ఎవరింట్ల పొయ్యి ఎలగలేదో ఎరుక."

"అదెట్లా తెలుస్తుంది?"

"బస్త కొనేటాయన నెల రాకున్నా మనకు రంది లేదు. సోలెడు కొనేటామె రోజూ వస్తది. రెండొద్దులు రాలేదంటే, ఇంట్ల బియ్యముండి రాక కాదు."

"అప్పుడు మీరేం చేస్తారు?"

నాన్న నా వైపు ఒకసారి చూసి, చేతిలోని గింజలను మళ్లీ బస్తాలోకి జారవిడిచాడు. "ఏం జేస్త సారూ. నూకలు ఎక్కువైనయ్, పురుగు వడ్తది, జర తీస్కపోండ్రి అని మనిషిని పంపిస్త. ఉత్తగిస్తే తీస్కోరు గద."

ప్రొఫెసర్ ఆ మాట కూడా రాసుకున్నాడు. సాయంత్రాలు గుమస్తా చిన్న సంచి పట్టుకుని ఎటో పోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఎవరి కోళ్లకో గింజలనుకున్నానే గానీ ఒక్కనాడూ అడగలేదు. పద్నాలుగు ప్రశ్నలు రాసినవాణ్ణి, ఆ ఒక్కటీ అడగలేదు. అయినా నోట్‌బుక్కు మాత్రం తెరవలేదు. పురుగు పట్టే నూకలు ప్రపంచ సమస్య కాదు కదా.

ప్రొఫెసర్ లేచి, ముఖాముఖి చాలా బాగా జరిగింది బాబూ అని నా భుజం తట్టాడు. ముఖాముఖేందని నాన్న అడిగాడు. పాపం ఆ పెద్దమనిషి దాపరికం తెలియక, మీ అబ్బాయి కోదాడ పత్రికలో రాస్తాడు కదా అని నా సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. నాన్న నవ్వుతూ అవునవునన్నాడు. జీపు మలుపు తిరిగే దాకా ఆ నవ్వు అట్లాగే ఉంచి, "కోదాడల టైపు మిషను గిట్లుంటదా?" అన్నాడు. లోపలికి పోయి మళ్లీ మానిక అందుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. ప్రొఫెసర్ పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకుని, అందులోంచి పద్నాలుగు జవాబులు ఏరి, పెద్ద పెద్ద మాటలతో నింపి ఇచ్చాను. కళ్లజోడు సారు మురిసిపోయి అట్ట మీద నా పేరు వేశాడు. (కింద సినిమా హాలు ప్రకటన అక్షరాలు నా పేరు కంటే పెద్దవి.) పత్రిక తీసుకెళ్లి నాన్న ముందు పెట్టి, కొట్లో కూర్చోననే మాట నాలుక చివరన సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. ఆయన అద్దాలు పెట్టుకుని, వచ్చినవాళ్లను ఆగమని, వేలు తడి చేసుకుంటూ ఆ ముఖాముఖి మొత్తం చదివాడు. చదివి, ఆఖరి పేజీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేం మాట్లాడింది ఏడ రాలేదేందిరా?"

"అది ముఖాముఖి కాదు నాయినా. ఉత్త మాటలు" అన్నాను.

"గట్లనా" అని పత్రికను జాగ్రత్తగా మడిచి గల్లా పెట్టెలో పెట్టుకున్నాడు. నాలుక చివరి మాట నాలుక చివరే ఉండిపోయింది. దసరా తర్వాత, ఎవరూ పిలవకుండానే, పోయి కొట్లో కూర్చున్నాను. మూడు సంచికల తర్వాత పత్రిక కూడా మూతపడింది.

మొన్న గల్లా పెట్టె అడుగు సర్దుతుంటే ఆ సంచిక దొరికింది. పద్నాలుగు జవాబులూ మళ్లీ చదివాను. రాసింది నేనే అయినా ఒక్కటీ అర్థం కాలేదు. నాన్న ఆ రోజు అన్నవి మాత్రం ఒక్క మాట కూడా మరిచిపోలేదు. ఇప్పుడు కొట్లో బియ్యం సంచుల లెక్కన పోతాయి, సోలెడు కొనే మనిషి గడప తొక్కడం లేదు. ఈ బజారులో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో నాకు తెలియదు. ఆ ప్రొఫెసర్ ఇప్పుడొచ్చి బస్తా మీద కూర్చుని అదే ప్రశ్న అడిగితే, ప్రపంచం గురించి అయితే మాత్రం గంటసేపు చెప్పగలను.