ఖాకీకి జడిసే లాయరు

రాజలింగు సార్ ఇరవై ఏళ్లుగా పిల్లల కేసులు వాదిస్తున్న లాయరు. ఆయనకు పోలీసులంటే చచ్చేంత భయం. ఈ రెండు ముక్కలూ ఒకే మనిషి గురించి అంటే ఎవరూ నమ్మరు. క్యాంపస్‌లో లా చదువుతూ ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన నేనూ మొదట నమ్మలేదు.

తార్నాక చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉంటాడని, నడిచి వెళ్లేటప్పుడు కూడా హెల్మెట్ పెట్టుకుంటారు.

"మనకు బండి లేదు కదా సార్!"

"లేదని ఆయనకెట్ల తెలుస్తది సుధామయీ?"

పోలీసే అక్కర్లేదు, ఖాకీ చొక్కా చాలు. ఆటోవాడికి "నమస్తే సార్" అని అడిగినంతా ఇచ్చేస్తారు. క్యాంపస్ గేటు దగ్గర సెక్యూరిటీ నరహరి అడగకముందే సంచీ విప్పి, టిఫిన్ డబ్బా మూత తీసి, "పప్పన్నమే సార్" అని చూపిస్తారు. నరహరి సిగ్గుతో చచ్చిపోతూ, "పొండ్రి సార్, మీకు దండం పెడ్త" అని బతిమాలుకుంటాడు.

మొన్న వేసవిలో ఒక పొద్దున సారలమ్మ ఏడుస్తూ సార్‌కు ఫోన్ చేసింది. ఆమె హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. కొడుకు కమలాకర్ అక్కడే ప్లేట్లు కడుగుతాడు. ఎవరిదో ఫోన్ పోయిందని వాణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లారట.

స్టేషన్ మెట్ల దగ్గర సార్ ఆగిపోయారు. "జర నువ్వే పోరాదూ?"

"నాకింకా పట్టా రాలేదు సార్."

లోపల సారలమ్మ పక్కన పిల్లాడు గోడకు అంటుకుపోయి ఉన్నాడు. ఎస్సై రత్నాకర్ గద్దిస్తుంటే వాడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

సార్ రెండు చేతులూ జోడించారు. "సార్, మీ యూనిఫాం చూస్తె నాకు మాట పడిపోతది. జర మామూలు అంగీ ఏసుకొని మాట్లాడరాదుండ్రి?"

స్టేషనంతా గొల్లుమంది. ఎస్సై కూడా పగలబడి నవ్వి, లోపలికి వెళ్లి గళ్ల చొక్కా వేసుకొచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆ చొక్కాలో ఆయన మన పక్కింటాయనలా ఉన్నారు. సార్ చేతులు ఇంకా వణుకుతుంటే కమలాకరే గోడ వదిలి వచ్చి మంచినీళ్ల గ్లాసు అందించాడు.

"ఆధార్‌ల పంతొమ్మిది ఏండ్లున్నయి లాయర్ సాబ్. పెద్దోళ్లతోటే జైలుకు పోతడు," అన్నారు ఎస్సై.

సారలమ్మ తల దించుకుంది. సార్ ఆమెను పక్కకు పిలిచారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పద్దెనిమిది నిండితేనే పని ఇస్తానని మెస్ కాంట్రాక్టరు అన్నాడని, ఆమే మూడేళ్లు ఎక్కువ రాయించింది.

"చెప్తె నన్నుగూడ లోపలేస్తరు సార్!"

"నాకూ భయమే అమ్మా. బడి కాగితమేమన్న ఉన్నదా?"

కొంగు చాటున ఉన్న ప్లాస్టిక్ కవర్లోంచి పదో తరగతి మెమో తీసింది. దాని ప్రకారం వాడికి పదహారే.

"వయసుకు ఆధార్ గాదు, బడి కాగితమే చూడాలె. నీ మీద మాటొస్తే వణుక్కుంటనైనా నీ పక్కన నిలబడ్త."

ఆమె మెమోను తానే తీసుకెళ్లి ఎస్సై బల్ల మీద పెట్టింది. జైలు మాట పోయింది. ఫోన్ సంగతి బాలల బోర్డు ముందు తేలుతుందని, మర్నాడు తీసుకొస్తానని తల్లితో రాయించుకుని, ఎస్సై పిల్లాణ్ణి ఆమెతో పంపేశారు.

తార్నాక వైపు నడుస్తూ నేను నిలదీశాను. "పిల్లలతో మాట్లాడేటప్పుడు పోలీసులు యూనిఫాంలో ఉండకూడదని చట్టంలోనే ఉంది కదా సార్! దబాయించి అడగొచ్చుగా?"

"దబాయిస్తె కోపమొస్తది. మనం పోయినంక ఆ కోపం పిల్లగాని మీద తీస్తరు. నన్ను చూసి నవ్వితే ఎవ్వరికేం పోతది?"

"అయితే మీ భయం నటనా?"

ఆయన చేయి చాపారు. పట్టుకుంటే మంచులా ఉంది.

"ఉన్నదే వాడుకుంటున్న," అన్నారు సిగ్గుపడుతూ.

తల్లితో మా ముందే నడుస్తున్న కమలాకర్ ఏమనుకున్నాడో, వెనక్కొచ్చి ఆయన రెండో చేయి పట్టుకున్నాడు.

"రేపు బోర్డు కాడ ఏం భయపడకుండ్రి సార్," అన్నాడు పెద్దరికంగా. "నేనొస్త గద."